దక్షిణ తెలంగాణలో వృద్ధుల వైద్యరక్షణ: ఆరోగ్యశ్రీలో ఓపీ, నివారణ సేవల స్థానం (2007–2024)

వ్యాససంగ్రహం

ప్రభుత్వ వైద్యబీమాకు తెలుగు నేలమీద తొలి ప్రయోగశాలలుగా నిలిచిన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. కొద్ది నెలల వ్యవధిలోనే నల్లగొండ కూడా ఆ పరిధిలోకి వచ్చింది. శస్త్రచికిత్సలతో కూడిన ఖరీదైన వైద్యాన్ని పేదలకు చేరువ చేసిన ఆరోగ్యశ్రీ, వృద్ధులకు నిత్యం అవసరమయ్యే ఓపీ వైద్యాన్నీ నెలనెలా వాడవలసిన మందులనూ ముందస్తు పరీక్షలనూ తన పరిధికి వెలుపలే ఉంచింది. ఈ మినహాయింపు ఎలా ఏర్పడింది, ఆ ఖాళీని ఏయే ఇతర పథకాలు ఎంతవరకు పూరించాయి, అది ఈ రెండు ఉమ్మడి జిల్లాల వృద్ధుల జీవితాలకు ఎందుకు కీలకం అన్న ప్రశ్నలను చారిత్రక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఆరోగ్యశ్రీ, వృద్ధులు, ఓపీ సేవలు, నివారణ, పాలమూరు, నల్లగొండ, ఫ్లోరోసిస్, 104 వాహనాలు, ఆసరా.

1. ఉపోద్ఘాతం

2007 ఏప్రిల్ 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రారంభించింది. మూడూ కరువుకూ వలసకూ పేరుపడ్డ జిల్లాలే. అదే సంవత్సరం డిసెంబరు 5న రెండవ దశలో నల్లగొండ, రంగారెడ్డి, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాలు చేరాయి. 2008 జూలై నాటికి పథకం రాష్ట్రమంతటా విస్తరించి, చికిత్సల సంఖ్య 942కు చేరింది. తెల్లరేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరాన్నిబట్టి మరో యాభైవేలు వైద్యఖర్చుగా అప్పట్లో ప్రభుత్వమే భరించేది. లబ్ధిదారుడు ఒక్క పైసా చెల్లించనక్కరలేదు.

ఈ పథకంపై వచ్చిన చర్చ అధికభాగం రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. ప్రజాధనం కార్పొరేట్ ఆసుపత్రులకు తరలిపోయిందా అన్నది మొదటిది. పేదల అప్పులు తగ్గాయా అన్నది రెండవది. రెండూ అవసరమైన ప్రశ్నలే. అయితే పథకాన్ని వయసు కోణంలోనుంచి చూసినప్పుడు మూడవ ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. అరవై దాటిన మనిషికి వచ్చే జబ్బుల్లో ఎక్కువభాగం రక్తపోటు, మధుమేహం, కీళ్ళనొప్పులు, చూపు మందగించడం, ఆయాసం. వీటికి ఆసుపత్రి మంచంతో పని తక్కువ. డాక్టరు చీటీతో, నెలనెలా మాత్రలతో, ఏడాదికోసారి పరీక్షతో పని ఎక్కువ. ఆ పనిని బీమా తనదిగా భావించిందా అన్నదే ఆ ప్రశ్న.

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో అరవై ఏళ్ళు పైబడినవారు 8.6 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 9.8 శాతం. కాబట్టి ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పనిచేసే వయసువారు వలస వెళ్ళినప్పుడు ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళూ పిల్లలే గనుక ఇక్కడ దాని బరువు మరింత ఎక్కువ.

2. బీమాకు ముందరి వైద్యవ్యవస్థ

నిజాం పాలనలో జిల్లా, తాలూకా కేంద్రాల దవాఖానల్లో ఇంగ్లీషు వైద్యంతోపాటు యునానీ వైద్యానికీ చోటుండేది. రోగి వచ్చి, హకీముకో డాక్టరుకో చూపించుకొని, మందు తీసుకొని వెళ్ళడమే వాటి ప్రధాన వ్యవహారం. నేటి పరిభాషలో చెప్పాలంటే అవి ప్రధానంగా ఓపీ కేంద్రాలే.

స్వాతంత్ర్యానికి ముందు 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక, చెల్లించే శక్తితో నిమిత్తం లేకుండా అందరికీ వైద్యం అందాలనీ, నివారణ, చికిత్స ఒకే గొడుగు కింద ఉండాలనీ ప్రతిపాదించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమనే భావన అందులోనుంచి పుట్టిందే. ఆ తరువాత సామాజిక బీమా దిశగా వేసిన తొలి అడుగులు కూడా ఓపీని విస్మరించలేదు. 1948 నాటి కార్మిక రాజ్యబీమా చట్టం డిస్పెన్సరీ వైద్యాన్నీ మందులనూ హక్కుగా గుర్తించింది. 1954లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉద్యోగులకూ విశ్రాంత ఉద్యోగులకూ డిస్పెన్సరీల ద్వారానే సేవలందించింది. అంటే భారతదేశంలో జీతగాడి వైద్యరక్షణ డిస్పెన్సరీ గుమ్మం దగ్గర మొదలైంది. ఆరు దశాబ్దాల తరువాత కూలీకీ రైతుకూ వచ్చిన వైద్యరక్షణ ఆపరేషన్ థియేటర్‌లో మొదలైంది. ఈ తేడాకు కారణాలు సిద్ధాంతంలోకన్నా అప్పటి పరిస్థితుల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

2004 తరువాత ముఖ్యమంత్రి సహాయనిధికి గుండె ఆపరేషన్లకూ క్యాన్సర్ చికిత్సకూ సాయం కోరుతూ వచ్చిన దరఖాస్తులు ఆరోగ్యశ్రీకి బీజం వేశాయి. దరఖాస్తుపై ఆధారపడే దయను కార్డుపై ఆధారపడే హక్కుగా మార్చడం అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తలపెట్టిన పని. అయితే సహాయనిధికి ఎవరూ బీపీ మాత్రల కోసం దరఖాస్తు పెట్టుకోరు. నెలకు కొన్ని వందల రూపాయల ఖర్చు సచివాలయం దాకా ప్రయాణించదు. కాబట్టి సహాయనిధి దరఖాస్తుల నుండి రూపుదిద్దుకొన్న పథకంలోకి, ఆ దరఖాస్తుల్లో కనిపించని జబ్బులు ప్రవేశించలేదు.

3. పాలమూరులో తొలి దశ

తొలి దశలో ప్రభుత్వం ఒక ప్రైవేటు బీమా కంపెనీకి ప్రీమియం చెల్లించి పథకాన్ని నడిపింది. తరువాత చేర్చిన చికిత్సలను ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు నేరుగా నిర్వహించింది. గ్రామస్థుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వైద్యశిబిరానికో రావాలి. అక్కడి ఆరోగ్యమిత్ర కార్డు చూసి, వివరాలు నమోదుచేసి నెట్‌వర్క్ ఆసుపత్రికి పంపుతారు. పరీక్షల అనంతరం ఆ జబ్బు జాబితాలో ఉన్నట్టు తేలితే ఆసుపత్రి ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి కోరుతుంది. అనుమతి వస్తే చికిత్స, భోజనం, తిరుగు ప్రయాణపు ఛార్జీ అన్నీ ప్యాకేజీలో భాగాలే.

ఈ ప్రక్రియలో ఓపీ పరీక్షకు చోటు లేకపోలేదు. జాబితాలోని చికిత్స అవసరమా కాదా అని తేల్చడానికి చేసే పరీక్షలు ఉచితమే. అయితే ఆ పరీక్ష ఆపరేషన్‌కు దారితీసే ద్వారం మాత్రమే. ఆపరేషన్ అక్కరలేదని తేలిన రోగికి ఆ ద్వారం దగ్గరే పథకం ముగుస్తుంది. కొన్ని ఎంపికచేసిన చికిత్సల తరువాత ఏడాదిపాటు మందులూ పరీక్షలూ అందించే ఫాలోఅప్ ప్యాకేజీలను తరువాత చేర్చారు. ఆ మేరకు ఓపీ సేవ బీమాలోకి వచ్చింది గాని, ముందు ఆపరేషన్ చేయించుకున్నవారికే అది దక్కింది.

నెట్‌వర్క్ ఆసుపత్రులు పల్లెల్లో వైద్యశిబిరాలు పెట్టాలన్నది పథకపు షరతుల్లో ఒకటి. శిబిరానికి వచ్చేవారి అవసరానికీ, శిబిరం పెట్టేవారి అవసరానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ షరతు బయటపెడుతుంది. ఊళ్ళోకి డాక్టరు వచ్చాడంటే వృద్ధులు మోకాళ్ళ నొప్పి, కళ్ళ మసక, నిద్రపట్టకపోవడం చెప్పుకోవడానికి వస్తారు. ఆసుపత్రి మాత్రం జాబితాలో ఉన్న జబ్బు కోసం వెతుకుతుంది. శిబిరంలో ఇచ్చిన పది మాత్రలు అయిపోయాక పదకొండవ మాత్ర ఎక్కడిదన్న ప్రశ్నకు పథకంలో సమాధానం లేదు.

పథకపు మేలును తక్కువచేయడం న్యాయం కాదు. దశలవారీ అమలును ఆధారం చేసుకొని విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ప్రచురించిన అధ్యయనం, తొలి దశ జిల్లాల్లో ఆసుపత్రిలో చేరినప్పటి సొంతఖర్చు తగ్గిందని చూపింది. ఓపీ ఖర్చులో వచ్చిన తగ్గుదల అంతకన్నా స్వల్పమని కూడా అదే అధ్యయనం గుర్తించింది. గుండె ఆపరేషన్ కోసం ఎకరం అమ్ముకోవలసిన కుటుంబానికి ఆ ఎకరం మిగిలింది. పాలమూరులాంటి మెట్టప్రాంతంలో అది చిన్నమాట కాదు.

4. మినహాయింపుల్లో వృద్ధాప్యం

ఒక పథకం స్వభావం దానిలో చేర్చిన వాటిలో ఎంత కనిపిస్తుందో, వదిలేసిన వాటిలోనూ అంతే కనిపిస్తుంది. తొలినాటి ఆరోగ్యశ్రీ మార్గదర్శకాలు రెండు రకాల మినహాయింపులను పేర్కొన్నాయి. క్షయ, మలేరియా, బోదకాలు వంటి జాతీయ కార్యక్రమాల కింద ఉన్న జబ్బులు మొదటి రకం. తుంటి, మోకాలి కీళ్ళ మార్పిడి, కొన్ని అవయవ మార్పిడులు వంటి అత్యంత ఖరీదైన చికిత్సలు రెండవ రకం.

ఈ రెండు జాబితాల మధ్య వృద్ధుడు ఎక్కడ నిలుచున్నాడో చూడాలి. అతని కంటిశుక్లం 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమానికి చెందింది. అతని మోకాలు మరీ ఖరీదైనదిగా లెక్కకు వచ్చింది. అతని బీపీ, షుగరు మరీ చవకైనవిగా లెక్కకు వచ్చాయి. అవే బీపీ, షుగరు ముదిరి గుండె రక్తనాళాలు మూసుకుపోయినప్పుడు బైపాస్ ఆపరేషన్‌కూ, మూత్రపిండాలు చెడినప్పుడు డయాలసిస్‌కూ పథకంలో చోటు దొరికింది. ఉదాహరణకు కల్వకుర్తి ప్రాంతపు ఒక వృద్ధురాలికి రోజూ వేసుకోవలసిన మాత్రను బీమా ఇవ్వదు. ఆ మాత్ర వేసుకోనందువల్ల వచ్చే ఆపద ఖర్చును లక్షల్లో చెల్లించడానికి సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ దోషం ఏ ఒక్క అధికారిదో ఆసుపత్రిదో కాదు. చికిత్సల జాబితాను ప్రమాణంగా తీసుకున్న పథకం జబ్బు తుది దశనే చూడగలదు.

ప్రజారోగ్య నిపుణులు ఈ లోపాన్ని ముందే గుర్తించారు. కె. శ్రీనాథరెడ్డి అధ్యక్షతన ప్రణాళికా సంఘం నియమించిన సార్వత్రిక ఆరోగ్యరక్షణ ఉన్నతస్థాయి నిపుణుల బృందం 2011 నివేదికలో, ఆసుపత్రి చికిత్సకే పరిమితమైన ప్రభుత్వ బీమా పథకాలు ప్రజల సొంతఖర్చులో ప్రధానభాగమైన ఓపీ, మందుల ఖర్చులనుండి రక్షణ ఇవ్వలేవని హెచ్చరించింది. జాతీయ నమూనా సర్వేలు పలుమార్లు చూపిన వాస్తవం కూడా ఇదే.

5. నల్లగొండ నీరు

నివారణ విషయంలో నల్లగొండకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. ఎముకలను వంచే ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో మొదట 1937లో మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. 1940లలో నల్లగొండ ప్రాంతంలోనూ దాని ఉనికి నమోదైంది. గ్రానైటు శిలల మధ్య లోతుకు పోయినకొద్దీ భూగర్భజలంలో ఫ్లోరైడు పెరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో ఎన్నో బావులూ బోర్లూ దానికి చాలా రెట్లు దాటాయి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరుపెట్టింది. ప్రపంచంలో నీటిశుద్ధి గురించి చదివేవారందరికీ ఆ పేరు తెలుసు. ఒక జిల్లా పేరు ఒక నివారణ పద్ధతికి స్థిరపడింది గాని, ఆ జిల్లా వృద్ధులకు మాత్రం నివారణ సకాలంలో అందలేదు. బాల్యంలో, యౌవనంలో తాగిన నీరు నడివయసు దాటాక వెన్నునూ మెడనూ కీళ్ళనూ బిగిస్తుంది. ముదిరిన అస్థి ఫ్లోరోసిస్‌ను వెనక్కి మళ్ళించే మందు లేదు. కావలసినవి శుద్ధజలం, కాల్షియం ఉన్న ఆహారం, నొప్పికి మందు, ఊతకర్ర, వ్యాయామ చికిత్స. వీటిలో ఏదీ ప్యాకేజీ ధర కట్టడానికి వీలైనది కాదు.

అందువల్ల ఇక్కడ నివారణ కోసం జరిగిన పోరాటం ఆసుపత్రి గడపలో కాక ఎన్నికల బరిలో జరిగింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో సాగునీరు, రక్షిత తాగునీరు కోరుతూ జలసాధన సమితి ఆధ్వర్యంలో వందలాదిమంది నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానంలో మొత్తం 480 మంది పోటీలో నిలవడంతో బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దేశం దృష్టి ఫ్లోరోసిస్‌పై పడడానికి ఆ ఘటన ప్రధాన కారణం. తెలంగాణ ఏర్పడ్డాక 2015 జూన్‌లో ఇంటింటికీ నల్లానీటి పథకపు పైలాన్‌ను అదే జిల్లాలోని చౌటుప్పల్‌లో ఆవిష్కరించడం ఆ చరిత్రకు ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపుగా భావించవచ్చు. కృష్ణా జలాలు ఇళ్ళకు చేరడంతో కొత్త తరానికి ముప్పు తగ్గింది. పాత నీటిని తాగి వృద్ధులైనవారికి మాత్రం మిగిలింది జీవితాంతపు ఓపీ అవసరమే.

6. నెలకొక రోజు: 104 వాహనాలు

బీమా వదిలేసిన ఖాళీని అదే కాలంలో మరో కార్యక్రమం కొంత పూరించింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అత్యవసర వాహనాల తరువాత, 104 సంఖ్యతో ఫోనులో వైద్యసలహా ఇచ్చే సేవ వచ్చింది. దానికి అనుబంధంగా నిర్ణీత దిన ఆరోగ్యసేవల పేరుతో సంచార వాహనాలు బయలుదేరాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న గ్రామానికి నెలలో ఒక నిర్ణీత రోజున వాహనం వస్తుంది. గర్భిణుల పరీక్షలతోపాటు బీపీ, షుగరు, ఉబ్బసం, మూర్ఛ వంటి దీర్ఘవ్యాధులకు పరీక్ష చేసి నెలకు సరిపడా మందులిస్తారు.

వృద్ధుల దృష్టితో చూస్తే ఆరోగ్యశ్రీకన్నా ఈ వాహనమే వారి అవసరానికి దగ్గరైనది. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నల్లమల అంచు గ్రామాలనుండి, దేవరకొండ తండాలనుండి పట్టణానికి వెళ్ళాలంటే వృద్ధునికి బస్సు ఛార్జీతోపాటు తోడు మనిషి కావాలి. తోడు వచ్చిన కొడుకో కోడలో ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. ఉచిత వైద్యం ఉచితం కాకుండా పోయేది అక్కడే. వాహనం ఊరికే వచ్చినప్పుడు ఆ ఖర్చు తప్పుతుంది.

అయితే ఈ సేవకు ఆరోగ్యశ్రీకి ఉన్న స్థిరత్వం లభించలేదు. నిర్వహణ బాధ్యతను మొదట చూసిన సంస్థనుండి తరువాత ప్రభుత్వం తీసుకుంది. డాక్టరు లేని వాహనం, మందుల కొరత, సిబ్బంది వేతనాల సమస్య తరచు చర్చకు వచ్చాయి. తెలంగాణలో చివరకు ఆ వాహనాలు నిలిచిపోయాయి. పల్లె దవాఖానల ద్వారా, బీపీ, షుగరు రోగులకు నెల మందుల కిట్ల ద్వారా ఆ పనిని కొనసాగించాలన్నది ప్రభుత్వ ఆలోచన. ఈ పరిణామంలో గమనించవలసిన అంశం ఒకటుంది. బీమా చికిత్స ఆగితే ఆసుపత్రులు సమ్మె హెచ్చరిక చేస్తాయి, పత్రికలు రాస్తాయి. నెలవారీ మాత్ర ఆగితే అడిగే వ్యవస్థీకృత గొంతు లేదు.

7. పింఛను, వలస, మందుల ఖర్చు

పాలమూరు లేబర్ అన్న మాట దేశంలోని ఆనకట్టల నిర్మాణచరిత్రలో భాగం. మేస్త్రీ కింద గుంపులుగా తరలివెళ్ళే కూలీల వెనుక ఊళ్ళో వృద్ధులు ఉండిపోయారు. ఆరోగ్యశ్రీ కుటుంబాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంది. కార్డు ఒకటే, పరిమితి ఒకటే. ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం వలస వెళ్ళిన సంపాదనపరుడి చేతుల్లో ఉన్నప్పుడు, కార్డు మీద పేరుండడం ఒకటి, దాన్ని వాడుకోగలగడం మరొకటి అవుతాయి.

2014 నవంబరు 8న తెలంగాణ ప్రభుత్వం ఆసరా పింఛన్లను అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ప్రారంభించింది. అంతకుముందు రెండువందలుగా ఉన్న వృద్ధాప్య పింఛను వెయ్యి రూపాయలైంది. 2019లో అది రూ.2016కు పెరిగింది. అర్హత వయసును 65నుండి 57కు తగ్గించడం తరువాతి పరిణామం. దీన్ని వైద్యపథకంగా ఎవరూ పేర్కొనలేదు. కాని కొడుకును అడగకుండా వృద్ధుడు తన చేతితో మందుల దుకాణంలో ఇవ్వగలిగిన డబ్బు అదే. బీమా చెల్లించని ఓపీ ఖర్చును పింఛను చెల్లించింది. అంటే తిండికోసం ఉద్దేశించిన సొమ్ములో ఒక వాటా మందులకు మళ్ళింది. పింఛను పెంపును వృద్ధుల సంక్షేమపు కొలతగా తీసుకునే పరిశోధకులు ఈ వాటాను విడిగా లెక్కించవలసి ఉంటుంది.

ఇదే కాలంలో మరో వర్గపు వృద్ధుల అనుభవం భిన్నంగా సాగింది. ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు, పాత్రికేయుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016 చివర హైదరాబాదులోని ఖైరతాబాద్‌లో వెల్‌నెస్ సెంటర్‌ను నెలకొల్పింది. అక్కడ ఓపీ పరీక్ష, నెల మందులు ఉచితం. విశ్రాంత ఉద్యోగికి ఓపీ వైద్యం ఇవ్వడం పరిపాలనాపరంగా సాధ్యమేనని ఈ ఏర్పాటు నిరూపించింది. వృద్ధాప్య వ్యాధులు ఇద్దరికీ ఒకటే అయినప్పుడు, తేడా జీవితకాలంలో వారు చేసిన పనినిబట్టి ఏర్పడిందని స్పష్టమవుతుంది.

8. ఓపీ బీమా సాధ్యమేనా?

ఓపీని బీమాలో చేర్చకపోవడానికి నిర్వాహకులు చెప్పే కారణాలు బలహీనమైనవి కావు. ఆపరేషన్లు వేలల్లో ఉంటే ఓపీ సందర్శనలు కోట్లల్లో ఉంటాయి. ప్రతి చీటీకి ముందస్తు అనుమతి అసాధ్యం. దొంగ బిల్లుల భయం, అక్కరలేని పరీక్షల భయం ఉన్నాయి. ప్యాకేజీ పద్ధతిలో అక్కరలేని గర్భసంచి ఆపరేషన్లు పెరిగాయన్న విమర్శ ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చి, కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. అదే పద్ధతిని ఓపీకి విస్తరిస్తే దుర్వినియోగం ఇంకా పెరుగుతుందన్న వాదనను కాదనలేం.

అయితే ప్యాకేజీ ఒక్కటే చెల్లింపు పద్ధతి కాదు. 2001–02లో థాయిలాండ్ ప్రారంభించిన 30 బాత్‌ల పథకంలో, నమోదైన ప్రతి వ్యక్తికీ తలసరి మొత్తాన్ని స్థానిక ఆసుపత్రి వ్యవస్థకు ముందే చెల్లించారు. ఓపీ, నివారణ రెండూ అందులో భాగాలు. రోగులు తగ్గితే వ్యవస్థకు మిగులు కాబట్టి నివారణపై శ్రద్ధ పెరిగింది. జపాన్ 1982 నాటి వృద్ధుల ఆరోగ్య చట్టంతో, నలభై ఏళ్ళనుండే స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య పరీక్షలు జరిపించింది. అమెరికాలో 1965 నాటి మెడికేర్ చట్టం డాక్టరు సందర్శనలను ఐచ్ఛిక భాగంగా చేర్చినా, సాధారణ ఆరోగ్య పరీక్షలనూ కళ్ళద్దాలనూ మినహాయించింది. టీకాలు, మందులు, వార్షిక ఆరోగ్య సందర్శన ఒక్కొక్కటిగా చేరడానికి నాలుగున్నర దశాబ్దాలు పట్టింది. ఆసుపత్రితో మొదలైన బీమా నివారణ వైపు నడవగలదు గాని, దానంతట అది నడవదని ఈ చరిత్ర చెబుతుంది.

9. పథకాల పేర్లు, ప్రజల మాటలు

వైద్యపథకాల పరిభాష కూడా ఈ చరిత్రకు ఆధారమే. 'బీమా', 'దవాఖాన' రెండూ పారసీకంనుండి వచ్చి తెలుగులో స్థిరపడ్డవి. ఉమ్మడి రాష్ట్రంలో 'ఆసుపత్రి', 'ఆరోగ్యకేంద్రం' అధికారిక పదాలు కాగా, 'దవాఖాన' తెలంగాణ ఇంటి మాటగానే ఉండిపోయింది. 2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానలు, ఆ తరువాత పల్లె దవాఖానలు వచ్చాక ఆ మాట ప్రభుత్వ బోర్డు మీదికి ఎక్కింది. ఆ బోర్డు ఉన్న చోట జరిగేది ఓపీ వైద్యమే కావడం గమనార్హం. జనం వాడుకలో దవాఖానకు మొదటినుంచీ ఉన్న అర్థం అదే.

'ఆరోగ్యశ్రీ' పేరులో ఆరోగ్యం సంపదగా ఉంది. ఆచరణలో మాత్రం పథకం ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఎరగదు. అతను రోగి అయ్యాకే గుర్తిస్తుంది. జనం మాటల్లో అది 'ఆరోగ్యశ్రీ ఆపరేషన్'గా స్థిరపడింది. 'కంటి వెలుగు', 'ఆసరా' అన్న పేర్లు మాత్రం వృద్ధుని అవసరాన్ని అతని భాషలోనే పలికాయి. ఇక పల్లెలో ముసలివాళ్ళు తమ జబ్బు గురించి 'వయసు మీద పడ్డది' అని ముగిస్తారు. నయంచేయగల జబ్బును కూడా వయసు ఖాతాలో వేసుకునే ఈ అలవాటు, అడిగినా దొరకని చోట అడగడం మానేసిన అనుభవంనుండి పుట్టిందని భావించడానికి అవకాశముంది.

10. 2018 తరువాత

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు, ఈ ప్రాంతంలో వయసుతో వచ్చే సమస్యకు ఇంటి దగ్గరికే పరీక్ష తీసుకువెళ్ళిన అతిపెద్ద ప్రయత్నం. రాష్ట్రవ్యాప్తంగా కోటిన్నరమందికి పైగా పరీక్షించి, అవసరమైనవారికి కళ్ళద్దాలిచ్చారు. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండవ విడత మొదలైంది. 2021 జూన్‌లో మహబూబ్‌నగర్, నల్లగొండతో సహా 19 జిల్లా కేంద్రాల్లో ఉచిత రోగనిర్ధారణ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. ప్రభుత్వ వైద్యకళాశాలలు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ నెలకొన్నది. పరీక్షకూ నిపుణుడికీ హైదరాబాదు బస్సెక్కవలసిన అవసరం కొంత తగ్గింది.

బీమా వైపు మార్పు పరిమితిలోనే జరిగింది. 2021లో తెలంగాణ ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది. 2024 అక్టోబరు 29న కేంద్రం డెబ్బై ఏళ్ళు దాటిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి ఐదు లక్షల రక్షణ ప్రకటించింది. వయసునే అర్హతగా తీసుకున్న తొలి పెద్ద బీమా విస్తరణ ఇది. అయినా అది కూడా ఆసుపత్రిలో చేరిన రోగికే వర్తిస్తుంది. చేరికకు ముందు మూడు రోజులు, తరువాత పదిహేను రోజుల ఖర్చులు దాని ఓపీ హద్దులు.

11. ముగింపు

• సహాయనిధి దరఖాస్తుల నేపథ్యంలో పుట్టినందువల్ల ఆరోగ్యశ్రీ ఖరీదైన చికిత్సలనే లక్ష్యంగా చేసుకుంది. ఆ లక్ష్యంలో అది చెప్పుకోదగిన మేలు చేసింది. వృద్ధుల నిత్యావసరమైన ఓపీ, నివారణ సేవలు మాత్రం మొదటినుండే దాని నిర్మాణానికి బయట ఉన్నాయి.

• 104 వాహనాలు, కంటి వెలుగు, మందుల కిట్లు, పల్లె దవాఖానలు ఆ ఖాళీని భాగాలుగా పూరించాయి. ఇవి కార్యక్రమాలు గనుక ప్రభుత్వ నిర్ణయంతో మొదలై, ప్రభుత్వ నిర్ణయంతో ఆగగలవు. కార్డుతో వచ్చే హక్కు స్వభావం వీటికి లేదు.

• నల్లగొండ ఫ్లోరోసిస్ చరిత్ర, బీమాతో ఎన్నటికీ నయంకాని జబ్బులుంటాయని, వాటికి నీరు, ఆహారం, దీర్ఘకాల ఓపీ సంరక్షణే వైద్యమని నిరూపిస్తుంది.

• విశ్రాంత ఉద్యోగికి ఇచ్చిన ఓపీ రక్షణను వ్యవసాయ కూలీగా వృద్ధుడైనవాడికి ఇవ్వకపోవడం సాధ్యాసాధ్యాల సమస్య కన్నా ప్రాధాన్యాల సమస్య.

• గరిష్ఠ పరిమితి రెండు లక్షలనుండి పది లక్షలకు పెరిగిన పదహారేళ్ళలో, నెలకు ఒక పొట్లం మాత్రలు హక్కుగా మారలేదు. వృద్ధుల వైద్యరక్షణపై ఇకముందు జరిగే పరిశోధన, పథకాలు ఎంత ఖర్చు చేశాయన్నదానితోపాటు, ఒక పల్లెలోని వృద్ధునికి ఏడాదిలో ఎన్ని నెలలు మందు ఆగకుండా అందిందన్న లెక్కను కూడా తీయవలసి ఉంది. పాలమూరు, నల్లగొండ పల్లెలు ఆ లెక్క మొదలుపెట్టడానికి తగిన చోట్లు.